గ్లైడర్ కూలిన చోటే పాఠం మొదలు: పిల్లలకు విమానశాస్త్రం చేతులతో

[తెరపై: ఆటస్థలం. ఒక పాప థర్మోకోల్ గ్లైడర్ (ఇంజను లేకుండా గాల్లో జారే విమానం బొమ్మ) విసురుతుంది. అది మూతి పైకెత్తి, గాల్లో ఒక్క క్షణం ఆగి, దబ్బున కింద పడుతుంది.]

చూశారు కదా? ఇప్పుడు ఈ పాప ఏం చేస్తుందో ముందే చెప్పేస్తాను. ఇంకా గట్టిగా విసురుతుంది.

[తెరపై: పాప ఒక అడుగు వెనక్కి వేసి బలంగా విసురుతుంది. గ్లైడర్ ఇంకా ఎత్తుకు లేచి మళ్లీ కూలుతుంది.]

విసిరింది. పిల్లల్లో నూటికి తొంభై మంది ఇదే చేస్తారు. ఎగరలేదంటే బలం చాల్లేదనే వాళ్ల లెక్క. సరిగ్గా ఇక్కడ పక్కనున్న పెద్దవాళ్లు ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. "ఇలా ఇవ్వమ్మా, నేను చేస్తాను" అని తీసుకుని సరిచేసి ఇస్తే గ్లైడర్ ఎగురుతుంది, పాప చప్పట్లు కొడుతుంది. కానీ ఎందుకు ఎగిరిందో తనకు తెలియదు.

నమస్కారం. విమానాలు, రాకెట్ల శాస్త్రాన్ని పిల్లల చేతులతో ఎలా నేర్పించాలో ఈ వీడియోలో చూద్దాం. ఏ కిట్ కొనాలో ఇందులో చెప్పను. కాగితంలో ఉన్నట్టు ముక్కలు అతికించి, ఒకసారి ఎగరేసి, ఫోటో తీసుకుని ఇంటికి వెళ్లిపోయే వర్క్‌షాపులు చాలానే ఉన్నాయి. పిల్లలు సరదా పడతారు, దాన్ని నేను కాదనను. అయితే అసలు చదువు రెండో విసురుకీ మూడో విసురుకీ మధ్య జరుగుతుంది. ఆ మధ్యలో పిల్లలు ఏం మారుస్తారు, ఎందుకు మారుస్తారు అన్నదే ఈ వీడియో అంతా.

[తెరపై: గ్లైడర్ దగ్గరి షాట్. రెండు చూపుడు వేళ్లు రెక్కల కింద పెట్టి దాన్ని నిలబెడుతున్నారు. తోక కిందికి వాలుతుంది.]

మళ్లీ మన గ్లైడర్ దగ్గరికి వద్దాం. రెక్క వెడల్పును ముందు అంచు నుంచి కొలిచి, నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య పెన్సిల్‌తో గీత పెట్టించండి. రెండు రెక్కల కింద, ఆ గీత మీద వేళ్లు ఆనించి గ్లైడర్‌ను నిలబెట్టమనండి. తోక వాలిపోతోందా? అంటే బరువు తూగే చోటు, పాఠాల్లో గరిమనాభి అంటారే అది, ఉండాల్సిన దానికంటే వెనక ఉంది. తోక బరువుకు మూతి లేస్తుంది, రెక్క మరీ నిటారుగా గాలికి ఎదురు నిలుస్తుంది, వేగం చచ్చిపోతుంది. అప్పుడు రెక్క మీది గాలి ప్రవాహం అంటిపెట్టుకుని ఉండలేక విడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇప్పుడు పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి: "దీన్ని ఇంకా దూరం పంపాలంటే బరువు తీసెయ్యాలా, పెట్టాలా?"

తీసెయ్యాలనే అంటారు. ఎగిరేది తేలిగ్గా ఉండాలి కదా అంటారు. వాదించకండి. చిన్న బంకమట్టి ముద్ద చేతికిచ్చి, మూతికి అంటించి చూడమనండి.

[తెరపై: పాప మూతికి బంకమట్టి అంటిస్తుంది. ఈసారి నెమ్మదిగా, మూతి కాస్త కిందికి పెట్టి వదులుతుంది. గ్లైడర్ నేలకు సమాంతరంగా జారుతూ చాలా దూరం వెళ్తుంది.]

బరువు పెంచితే ఇంకా దూరం వెళ్లింది! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి. తాము నమ్మిన మాట కళ్లముందే తప్పయింది, అలా చేసింది కూడా తమ చేతులే. ఇలా తెలుసుకున్నది ఎన్నాళ్లైనా మర్చిపోరు. మరి కాస్త మట్టి పెట్టి చూస్తామంటే పెట్టనివ్వండి. మూతి బరువెక్కి నేలకు గుద్దుకుంటుంది. తగినంత అంటే ఎంతో అప్పుడు వాళ్లే వెతుక్కుంటారు.

ఇది పిల్లలాట అనుకునేవారికి ఒక మాట. పెద్ద విమానాల్లో కూడా సామాను, ప్రయాణికులు, ఇంధనం ఎక్కడెక్కడ ఎంత బరువుందో లెక్కగట్టి, గరిమనాభి హద్దుల్లో ఉందని తేల్చుకున్నాకే విమానం కదులుతుంది. ధ్వని కంటే వేగంగా ఎగిరిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది ధ్వని వేగాన్ని దాటేటప్పుడు లిఫ్ట్, అంటే గాలి రెక్కను పైకి లేపే బలం, పనిచేసే చోటు వెనక్కి జరిగేది. దానికి సరితూగేలా ముందు ట్యాంకుల్లోని ఇంధనాన్ని తోకలోని ట్యాంకుకు పంపు చేసేవారు. వేగం తగ్గేటప్పుడు మళ్లీ ముందుకు తెచ్చేవారు. మన పాప బంకమట్టితో చేసిన పనే వాళ్లు ఇంధనంతో చేశారు.

[తెరపై: రబ్బరు బ్యాండుతో తిరిగే చిన్న హెలికాప్టర్ బొమ్మ చిత్రం. తర్వాత రైట్ సోదరుల ఛాయాచిత్రం.]

1871లో ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు మెలితిప్పిన రబ్బరుతో నడిచే చిన్న విమానాన్ని పారిస్‌లో ఎగరేశాడు. 11 సెకన్లలో అది దాదాపు 40 మీటర్లు వెళ్లింది. అదే పెనో రూపొందించిన తరహా హెలికాప్టర్ బొమ్మను 1878లో ఒక తండ్రి ఇంటికి తెచ్చాడు. ఆయన కొడుకులు విల్బర్‌కు పదకొండేళ్లు, ఆర్విల్‌కు ఏడేళ్లు. బొమ్మ విరిగేదాకా ఆడారు. విరిగాక సొంతంగా చేశారు. తర్వాత అదే బొమ్మను పెద్దగా చేద్దామనుకున్నారు. ఎంత పెద్దది చేస్తే అంత తక్కువ ఎగిరింది. అప్పట్లో కారణం అంతుపట్టలేదు. పరిమాణం రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలవుతుందనీ, కావాల్సిన శక్తి అంతకంటే వేగంగా పెరుగుతుందనీ ఏడేళ్లవాడికి ఎలా తెలుస్తుంది? కానీ ఆ ప్రశ్న మాత్రం వాళ్లలో మిగిలిపోయింది.

పెద్దయ్యాక ఇదే రైట్ సోదరులకు మరో చిక్కు ఎదురైంది. 1900, 1901ల్లో చేసిన గ్లైడర్లు లెక్క ప్రకారం రావాల్సినంత లిఫ్ట్ ఇవ్వలేదు. లెక్కలు ఎన్నిసార్లు సరిచూసినా సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు వాళ్లు ఆ లెక్కల్లో వాడిన సంఖ్యనే అనుమానించారు. గాలి తోపుకు సంబంధించి తరతరాలుగా అందరూ వాడుతూ వచ్చిన గుణకం 0.005. వీళ్ల కొలతల్లో అది 0.0033 దగ్గర తేలింది. అంతే కాదు, 1901 చివర్లో ఆరడుగుల చెక్కపెట్టెతో విండ్ టన్నెల్, అంటే రెక్కల మీదికి గాలి ఊది పరీక్షించే గొట్టం, కట్టి, దాదాపు 200 రెక్కల నమూనాలు పరీక్షించారు. లోపలి తూనికలు పాత రంపపు బ్లేడ్లు, సైకిలు పుల్లల తీగతో చేసుకున్నవే. 1902 గ్లైడర్ ఆ కొలతల మీదే నిలబడింది. 1903 డిసెంబరు 17న 12 సెకన్ల పాటు ఎగిరిన విమానం దాని తర్వాతి మెట్టు.

[తెరపై: రెండు వైపులా తెరిచిన అట్టపెట్టె, ఒక చివర గుత్తిగా పేర్చిన స్ట్రాలు, వెనక టేబుల్ ఫ్యాను. మధ్యలో డిజిటల్ కాటా, దానిమీద పుల్లకు గుచ్చిన అట్టరెక్క.]

అలాంటి టన్నెల్ తరగతి గదిలో కూడా కట్టొచ్చు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. ఫ్యాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది కాబట్టి, స్ట్రాల గుత్తి గుండా పంపితే తిన్నగా అవుతుంది. అరచేతికంటే కాస్త పెద్ద అట్టరెక్కను ఒక పుల్లకు బిగించి, బరువైన దిమ్మెలో గుచ్చి, గ్రాము వరకు చూపించే కాటా మీద పెట్టండి. కాటాను సున్నాకు తెచ్చి ఫ్యాను వేయండి.

[తెరపై: కాటా అంకెలు దగ్గరగా. సున్నా నుంచి మైనస్ వైపు దిగుతాయి.]

మైనస్ ఎనిమిది, మైనస్ పది, ఇలా దిగుతుంది. అంటే గాలి రెక్కను అన్ని గ్రాముల మేరకు పైకి లేపుతోంది. కంటికి కనబడని లిఫ్ట్ ఇక్కడ అంకెల్లో కనబడుతుంది. రెక్క వాలును ఐదేసి డిగ్రీలు పెంచుకుంటూ ప్రతిసారీ అంకె రాయమనండి. కొంతదూరం పెరుగుతుంది. ఒక కోణం దాటాక పెరుగుదల ఆగిపోయి, వెనక్కి రావడం మొదలవుతుంది. ఇందాక ఆటస్థలంలో గ్లైడర్ కూలిందే, దాని కారణం ఇప్పుడు గ్రాఫు కాగితం మీద గీతగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలిని చివర్లో సమయానికి కలుసుకోవాలి, అందుకే వేగంగా పోతుంది అనే వివరణ మీరూ చదివే ఉంటారు. అది తప్పు. రెండూ ఒకేసారి చేరాలనే నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. కొలిచి చూస్తే పైగాలి కింది గాలికంటే ముందే చేరుతుంది. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, దానికి ప్రతిగా గాలి రెక్కను పైకి తోస్తుంది. రెక్క పైన ఒత్తిడి తగ్గడం, కింద పెరగడం అన్నది ఇదే సంగతిని ఒత్తిడి వైపు నుంచి చూడడం. కాటా మీది అట్టరెక్కకు వంపే లేదు. అయినా లిఫ్ట్ వచ్చింది. ఆ ఒక్క చూపుతో పాత వివరణ నిలవదని పిల్లలే చెప్పేస్తారు.

[తెరపై: మైదానం. రెండు లీటర్ల సీసాతో చేసిన నీటి రాకెట్, అట్ట రెక్కలు, సైకిలు పంపు.]

కాస్త పెద్ద పిల్లలకు నీటి రాకెట్. ముందు జాగ్రత్తలు. గ్యాసు ఉండే కూల్‌డ్రింక్ అమ్మే ప్లాస్టిక్ సీసానే ఖాళీ చేసి వాడండి, అది ఒత్తిడి తట్టుకునేలా చేసింది. మామూలు నీళ్ల సీసా వద్దు. గీతలు, నొక్కులు ఉన్నది కూడా వద్దు. లోహపు ముక్కలేవీ అంటించకండి. ఒత్తిడి చూపే మీటరున్న పంపు వాడి, ఆ ఒత్తిడి 60 పీఎస్‌ఐ దాటనివ్వకండి. పంపు కొట్టేది పెద్దవాళ్లే. అందరికీ కళ్లకు రక్షణ కళ్లద్దాలు ఉండాలి. పొడవాటి తాడు లాగి దూరం నుంచి వదలాలి. పంపు చేసిన రాకెట్ మీదికి ఎవరూ వంగకూడదు.

ఇప్పుడు ప్రశ్న. నీళ్లు ఎంత పోస్తే బాగా ఎత్తుకు వెళ్తుంది? నిండా పోస్తేనే అని కొందరంటారు. నీళ్లే వద్దని ఒకరిద్దరంటారు. అందరి జవాబూ ముందే రాయించండి, ఎగిరాక రాస్తే లాభం లేదు. తర్వాత ఒత్తిడి మార్చకుండా, నీళ్లు మాత్రమే మార్చుతూ పోండి. నీళ్లు లేకుండా వదిలితే టప్పున ఎగిరి ఆగిపోతుంది, బయటికి నెట్టడానికి తగిన బరువు లేదు. నిండుగా పోస్తే నొక్కిన గాలికి చోటే ఉండదు, నీళ్లు కారిపోతాయి తప్ప రాకెట్ లేవదు. మూడో వంతు దగ్గర ఎక్కడో శిఖరం దొరుకుతుంది.

ఎత్తు కొలిచేదెలా అంటారా? కోణమానినికి దారం కట్టి, చివర చిన్న బరువు వేలాడదీయండి. రాకెట్‌కు 30 మీటర్ల దూరంలో నిలబడి శిఖరాన్ని గురిచూస్తే కోణం తెలుస్తుంది. 45 డిగ్రీలు వస్తే ఎత్తు 30 మీటర్లు, దానికి చూసేవాళ్ల కంటి ఎత్తు కలుపుకోవాలి. వేరే కోణం వస్తే దూరాన్ని ఆ కోణం టాన్‌తో (త్రికోణమితి నిష్పత్తి) గుణించాలి. టాన్ ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలు ఆ రోజు తామే పట్టిక వెతుక్కుంటారు.

రాకెట్ పల్టీలు కొడుతుంటే దాని పక్క ఆకారాన్ని అట్టమీద గీసి కత్తిరించండి. ఆ అట్ట తూగే చోటు, గాలి తోపు కేంద్రానికి (పక్క నుంచి వచ్చే గాలి తోపంతా పనిచేసినట్టుండే చోటుకు) దగ్గరి అంచనా. అసలు రాకెట్ తూగే చోటు దానికంటే కనీసం ఒక సీసా వెడల్పంత ముందుండాలి. లేకపోతే మూతికి బరువు పెట్టాలి, లేదా వెనక రెక్కలు పెంచాలి. ఏది చెయ్యాలో జట్టునే తేల్చుకోనివ్వండి.

[తెరపై: పిల్లలు చేత్తో రాసిన చెక్‌లిస్టు. ఒక పాప చదువుతోంది, మరొకరు వేలితో ముట్టి చూస్తున్నారు.]

ప్రయోగానికి ముందు చెక్‌లిస్టు కూడా వాళ్లే రాయాలి. 1935 అక్టోబరు 30న బోయింగ్ మోడల్ 299 పరీక్షా విమానం నేల విడిచిన కొద్దిసేపటికే కూలింది. ఇద్దరు చనిపోయారు. విమానం ఆగి ఉన్నప్పుడు గాలికి తోక పలకలు కొట్టుకోకుండా వేసిన లాక్ తియ్యడం మర్చిపోయారు. పైలట్లు అనుభవజ్ఞులే. ఆ ప్రమాదం తర్వాతే పైలట్ల చెక్‌లిస్టు విమానయానంలో పద్ధతిగా స్థిరపడింది. పిల్లలకు ఈ కథ చెప్పాక, "అన్నీ గుర్తున్నాయి సార్" అనేవాళ్లు కూడా కాగితం చూసి చదువుతారు.

సిమ్యులేటర్లు, డ్రోన్లు మంచివే, కాకపోతే ఇవన్నీ అయ్యాక. తెర మీద కూలిన విమానం బటన్ నొక్కితే లేస్తుంది. థర్మోకోల్‌ది ఎందుకు విరిగిందో చూసి అతికించుకోవాలి.

హైస్కూలు పిల్లలకు క్యాన్‌శాట్ ఉంది. 1998లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్ ఇచ్చిన ఆలోచన ఇది. కూల్‌డ్రింక్ డబ్బా పరిమాణంలో సెన్సర్లు, రేడియో, బ్యాటరీ, పారాచూట్ సర్ది ఎత్తు నుంచి వదలడం. కిందికి దిగేలోపు అది ఉష్ణోగ్రత, పీడనం పంపుతూ ఉండాలి. ఏరిస్ అనే కార్యక్రమంలో బడిపిల్లలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో హ్యామ్ రేడియోలో, అంటే ఔత్సాహికులు నడిపే రేడియోలో, మాట్లాడతారు. కేంద్రం గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి, ఒక దిగంతం నుంచి మరో దిగంతానికి దాటేలోపు దొరికేది 10 నిమిషాలే. ఎవరి ప్రశ్న ఎప్పుడో ముందే సాధన చెయ్యాల్సిందే.

జట్టులో ముగ్గురు నలుగురికి మించొద్దు. విసిరేవాళ్లు, కొలిచేవాళ్లు, రాసేవాళ్లు ప్రతి మూడు విసుర్లకూ మారాలి. మార్చకపోతే చొరవగలవాళ్లే ఎప్పుడూ విసురుతారు, అందంగా రాసే అమ్మాయికి ఎప్పుడూ పెన్నే మిగులుతుంది. దీన్ని మీరు పట్టించుకోవాలి, పిల్లలు తమంతట తాము మార్చుకోరు.

[తెరపై: నోటుపుస్తకంలో పట్టిక. గడులు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

పట్టికలో ఐదు గడులు చాలు. ఏం మార్చాం. ఏమవుతుందనుకున్నాం. ఏమైంది. ఎంత వచ్చింది. తర్వాత ఏం మారుస్తాం. ఒక విసురుకు ఒక వరుస, ఒకసారికి ఒకటే మార్పు. రెండోదీ మూడోదీ మధ్య ఎంత తేడా వస్తే ఆ మార్పు వల్లే అనుకోవచ్చో తెలియాలంటే, ఏమీ మార్చకుండా మూడుసార్లు విసిరి సగటు తీయించండి. ఇక్కడ వీడియో ఆపి పట్టిక గీసుకోండి. మొదటి తరగతికి గంటన్నర సమయం పెట్టుకోండి, అందులో గ్లైడర్ చెయ్యడానికి అరగంట మించనివ్వకండి.