పాకాలకు ఆఖరు బస్సు ఎన్నింటికి?

శ్రోతలకు నమస్కారం.

కొన్నాళ్ల కిందట ఒక రాత్రి తిరుపతిలో పెద్దాసుపత్రి దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. తొమ్మిది దాటింది. భర్తను వార్డులో వదిలి, పిల్లల కోసం ఊరికి బయల్దేరిన ఒకామె పక్కకొచ్చి, "ఏంనా, పాకాలకు ఆఖరు బస్సు ఉండాదా, పోయిందా?" అని అడిగింది. నాకు తెలియదు. అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ తెలియదు. చేతిలో ఖాళీ క్యారియరు పట్టుకుని ఆమె రోడ్డు మలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

నగరంలో బస్సులు నడిపే సంస్థకు ఎవరు అధిపతిగా ఉండాలి, వారికి ఏ అర్హత కావాలి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆమె ముఖమే గుర్తొస్తుంది.

మన తిరుపతికి విడిగా నగర రవాణా సంస్థంటూ లేదు. పల్లెకైనా, పట్నానికైనా, కొండకైనా ఆర్టీసీయే. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న అది ఏర్పడింది. ఎండీని రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. ఎక్కువగా ఐఏఎస్, ఐపీఎస్ అధికారులు ఆ కుర్చీలోకి వస్తుంటారు. 2020 జనవరిలో సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. అప్పటినుంచి ప్రజా రవాణా శాఖ కమిషనరు బాధ్యత కూడా ఎండీదే.

ఆ చట్టంలో 18వ సెక్షన్ నాకు చాలా ఇష్టం. బస్సు సేవలు సమర్థంగా, చాలినంతగా, పొదుపుగా, ఒకదానితో ఒకటి పొసిగేలా ఉండాలంటుంది. 22వ సెక్షన్ వ్యాపార సూత్రాల ప్రకారం నడవమంటుంది. చాలినంతగా నడపడానికీ, పొదుపుగా నడపడానికీ మధ్య రోజూ తగువే. రాత్రి తొమ్మిదిన్నరకు పాకాల బస్సులో ఏడుగురే ఉంటే ఆ ట్రిప్పు ఉంచాలా, తీసేయాలా? ఏది తేల్చినా దానికి జవాబు చెప్పగలిగిన మనిషి కావాలి.

డిపోలో అడుగుపెడితే మూడు మాటలు వినపడతాయి. ఈపీకే అంటే కిలోమీటరుకు వచ్చిన రాబడి. ఓఆర్ అంటే సీట్లు ఎంత శాతం నిండాయన్నది. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిల్‌కు నడిచిన దూరం. ఇవి లేకుండా సంస్థ బతకదు. కానీ ఈ మూడింటిలో దేనిలోనూ స్టాపులో నిలబడిన మనిషి కనపడడు. ఒక చిన్న లెక్క చెబుతాను, వినండి. ఒక దారిలో గంటకు మూడు బస్సులున్నాయి. ఇరవై నిమిషాలకొకటి వస్తే, ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకు వచ్చే మనిషి సగటున పది నిమిషాలు ఆగుతాడు. అవే మూడు బస్సులు ఒకదాని వెనుక ఒకటి ఒకేసారి వచ్చి వెళ్లిపోతే? సగటు నిరీక్షణ అరగంట అవుతుంది. డీజిల్ అంతే, డ్రైవర్లు అంతమందే, తిరిగిన కిలోమీటర్లూ అన్నే. మనిషి ఎదురుచూపు మాత్రం మూడింతలు. ఆ అరగంటలో అతడు షేర్ ఆటో ఎక్కేస్తాడు, బస్సు మీద నమ్మకమూ పోతుంది. ఈ లెక్క తెలిసి, దానికోసం నిద్ర చెడగొట్టుకునే వారే ఆ పదవికి తగినవారని నా గట్టి నమ్మకం.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు, సున్నా టికెట్టు ఇస్తారు. ఆమె చేతి డబ్బు మీద లెక్కవేసే రాబడి ఇక ఆమె అవసరాన్ని చెప్పదు. ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నది మాత్రం ఆ టికెట్టు మీదే ఉంటుంది. ఆ కాగితాలు చదివి రాత్రి ట్రిప్పులు సవరించే ఓపిక ఉండాలి.

మనకు కొండ కూడా ఉంది కదా. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగే దారి, 1974 నాటి రెండోది ఎక్కే దారి. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని వాహనాలకు నియమం. అక్కడ వేగం పెంచి ట్రిప్పులు పెంచుదామంటే ప్రాణాలతో చెలగాటమే. కలిసొచ్చే సమయమంతా కొండ పైనా, కిందా బస్సు ఆగి మళ్లీ తిరిగే చోటే ఉంది. 2022లో కరెంటు బస్సులు వచ్చాక ఛార్జింగుకు పట్టే సమయాన్ని కూడా డ్యూటీ చార్టులో ఇమడ్చాలి. ఇది చార్టు వేసే ఉద్యోగితో కూర్చుని మాట్లాడితేనే తెలిసే సంగతి.

చదువు ఏదైనా అడ్డు కాదు. ఆండీ బైఫర్డ్ కాలేజీలో చదివింది ఫ్రెంచి, జర్మన్ భాషలు. 1989లో లండన్ భూగర్భ రైల్వేలో స్టేషన్ ఉద్యోగిగా మొదలై టొరంటో, న్యూయార్క్ రవాణా వ్యవస్థల్ని నడిపి, 2020లో లండన్ రవాణా మొత్తానికి కమిషనరయ్యారు. మన శ్రీధరన్ గారు సివిల్ ఇంజనీరు. 1964 తుపానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టిన మనిషి. ఢిల్లీ మెట్రోకు ఆయన 2011 చివరిదాకా ఎండీగా ఉన్నారు. అక్కడ మొదటి రైలు 2002 డిసెంబరులోనే కదిలింది. అన్నేళ్లు ఒకే కుర్చీలో ఉండనివ్వడం కూడా ఆ పనిలో భాగమే. రెండేళ్లకే బదిలీ అయ్యే అధికారి ఎంత గొప్పవారైనా, మార్చిన రూట్ల ఫలితం చూడకుండానే వెళ్లిపోతారు.

కొత్తగా వచ్చే వారిని నేను కోరేది ఒకటుంది. మొదటి నెలలో వారం రోజులు సొంత కారు వదిలేయండి. తెల్లవారుజామున మంగళం డిపోలో బస్సులు బయటికి తీసేటప్పుడు నిలబడండి. డబుల్ డ్యూటీ చేసిన డ్రైవరు పక్కన కూర్చుని కొండ దిగండి. రాత్రి తొమ్మిదిన్నరకు పెద్దాసుపత్రి ముందు నిలబడి, పాకాలకు ఆఖరు బస్సు ఎన్నింటికని పక్కవారిని అడగండి.