ఫైల్ పేరు మార్చిందీ నేనే, ఫిక్స్ పోగొట్టిందీ నేనే

అందరికీ నమస్తే. స్లైడ్లు పెద్దగా లేవు, ఒక కథ ఉంది, అది చెప్తూనే మధ్యమధ్యలో గిట్ సంగతులు చెప్తాను. గిట్ అంటే కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాచిపెట్టే సాఫ్ట్‌వేర్.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కోఠి షాపాయన ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశారు. "అన్నా, బిల్లుల మళ్ల పైసలు పడుతున్నయ్, గిరాకీలు లొల్లి చేస్తున్నరు." మళ్ల అన్నారు చూడండి, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. మొత్తాన్ని రూపాయికి రౌండాఫ్ చేసే లైన్ రెండు వారాల క్రితమే పెట్టాం, రివ్యూ చేసింది నేనే. ఫైల్ తెరిస్తే ఆ లైన్ లేదు. ఎవరో తీసేసుంటారులే అని గిట్ లాగ్ కొట్టాను, అంటే మార్పుల చరిత్ర చూపించమన్నాను. తీసేసినట్టు కాదు, అసలు పెట్టినట్టే లేదు! ఆ ఫైల్ చరిత్ర మొత్తం ఒకే ఒక్క కమిట్ (ఒకసారి సేవ్ చేసిన మార్పు), దానిమీద నా పేరు. ఏ లైన్ ఎవరు రాశారో చెప్పే బ్లేమ్ చూస్తే ఇంకా అన్యాయం, నేను ఉద్యోగంలో చేరకముందు కోడ్ కూడా నేనే రాసినట్టు చూపిస్తోంది.

నేను చేసిందల్లా ఆ ఫైల్‌ని కొత్త ఫోల్డర్‌లోకి మార్చడం, పేరు మార్చడం, చేతిలో పనేకదా అని అదే కమిట్‌లో ట్యాబులన్నీ స్పేసులు చేసేయడం.

మనూళ్లో ప్లాట్ కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏమడుగుతారు? ఈసీ తీశావా, లింక్ డాక్యుమెంట్లు ఉన్నాయా అని. సర్వే నంబర్ 45 కాస్తా 45/అ అయితే, ఆ కొత్త నంబర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కాగితం ఒకటి ఉండాలి. గిట్ లాంటివే ఇంకొన్ని, సబ్‌వర్షన్, మెర్క్యూరియల్ లాంటివి, వాటి మూవ్ కమాండ్ వాడితే ఆ కాగితం రాసిపెట్టుకుంటాయి. గిట్ రాసుకోదు. గిట్ ఎంవీ అని కమాండ్ ఉందిగా అంటారేమో, అది పాత పేరు తీసేసి కొత్త పేరు చేర్చడానికి షార్ట్‌కట్, అంతే. 2005లో గిట్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్స్ కావాలనే అలా కట్టారు: ప్రతి కమిట్‌లో ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో అదే ఉంటుంది, పేరు మారిందా లేదా అన్నది మనం అడిగినప్పుడు రెండు కమిట్లనీ పక్కపక్కన పెట్టి పోల్చి చెప్తుంది. మామూలుగా సగం, అంటే 50 శాతం పోలిక ఉంటేనే "ఇది అదే ఫైల్" అంటుంది.

ఆ పోలిక దాదాపు లైన్లవారీగా చూస్తుంది. ముందున్న ట్యాబ్ పోయి నాలుగు స్పేసులొస్తే, మన కంటికి అదే లైన్, గిట్‌కి మాత్రం కొత్త లైన్. నా ఫైల్‌లో దాదాపు అన్నీ ఫంక్షన్ లోపలి లైన్లే కాబట్టి పోలిక 50 కిందకి పడిపోయింది. అందుకే పేరు మారినా వెనక్కి వెళ్లమని చెప్పే ఫాలో ఆప్షన్ పెట్టినా లాగ్ నా కమిట్ దగ్గరే ఆగిపోయింది. ఫాలోతో పాటు క్యాపిటల్ ఎం పెట్టి ఆ పోలిక హద్దుని 20 శాతానికి దించితే పాత చరిత్రంతా బయటికొచ్చింది. (ఫాలో ఒకసారికి ఒక్క ఫైల్‌కే పనిచేస్తుంది, ఫోల్డర్ ఇస్తే పేరు మార్పుల వెంట వెళ్లదు.)

కానీ రౌండాఫ్ కమిట్ అందులోనూ లేదు.

అప్పుడు ఫైల్ పేరు ఇవ్వడం మానేసి వెతికాను. గిట్ లాగ్, చిన్న ఎం, క్యాపిటల్ ఎస్, దానికి రౌండాఫ్ ఫంక్షన్ పేరు. ఎస్ అంటే ఆ మాట ఎక్కడ చేరిందో ఎక్కడ పోయిందో చూపించమని, చిన్న ఎం అంటే మెర్జ్ కమిట్లను (రెండు బ్రాంచ్‌లని, అంటే విడివిడిగా నడిచిన రెండు దారుల్ని, కలిపే కమిట్లను) కూడా వాటి వెనకున్న ఒక్కో పేరెంట్ కమిట్‌తో పోల్చమని. అది లేకపోతే లాగ్ మెర్జ్‌ల డిఫ్, అంటే తేడాల, జోలికే పోదు. రెండు కమిట్లు వచ్చాయి: హాట్‌ఫిక్స్ (అర్జెంటు రిపేరు) బ్రాంచ్‌లో పాత పేరు ఫైల్‌కి ఆ లైన్ చేర్చిన కమిట్ ఒకటి, దాన్ని పోగొట్టిన మెర్జ్ ఇంకొకటి. ఆ మెర్జ్ ఎవరిదనుకున్నారు? రాత్రి పదకొండింటికి నేను చేసిందే.

ఏమైందంటే, మెర్జ్‌లో కూడా గిట్ ఇదే 50 శాతం లెక్క వేసింది. పేరు మారిందని పట్టుకోలేక, "మీవైపు డిలీట్ చేశారు, వాళ్లవైపు మార్చారు, ఏం చేయమంటారు" అని కాన్‌ఫ్లిక్ట్ ఇచ్చింది. పాత ఫైల్ ఇంకెందుకు అని నేను తీసేశాను. కొత్త ఫైల్ నా బ్రాంచ్‌లో ఉన్నట్టే ఉండిపోయింది కాబట్టి, దాని పేరుతో మామూలు లాగ్ అడిగితే గిట్ రెండోవైపుకి వెళ్లనే వెళ్లదు. ఫైల్ ఒకవైపు ఉన్నట్టే ఉంటే ఆ ఒక్కవైపే నడుస్తుంది. చరిత్ర సింపుల్‌గా చూపించడానికట! ఫాలో పెడితే రెండువైపులా చూస్తుంది గానీ ఒకసారికి ఒక్క పేరే పట్టుకుంటుంది; ఫిక్స్ నా పేరు మార్పు తర్వాత పడింది కాబట్టి, దాన్ని దాటేటప్పుడు ఇంకా కొత్త పేరే వెతుకుతోంది. ఫుల్ హిస్టరీ ఆప్షన్ ఇచ్చి పాత పేరు అడిగుంటే ఫిక్స్ కమిట్ దొరికేది, కానీ అప్పటికి పాత పేరు అడగాలని నాకెవరు చెప్తారు?

"పేరు మార్పు ఒక కమిట్, ఫార్మాటింగ్ ఇంకో కమిట్ చేసుంటే సరిపోయేదిగా" అని మా టీమ్‌లో అందరూ అన్నారు. ఫాలో పెడితే లాగ్‌కి, స్పేసుల తేడా పట్టించుకోవద్దనే చిన్న డబ్ల్యూ పెడితే బ్లేమ్‌కి సరిపోతుంది. మెర్జ్‌కి సరిపోదు, ఎందుకంటే మెర్జ్ మధ్యలో కమిట్లను చూడదు, బ్రాంచ్ విడిపోయిన చోటునీ చివరి కమిట్‌నీ మాత్రమే పోలుస్తుంది. పేరు మార్పు ముందు అందరూ వాడే మెయిన్ బ్రాంచ్‌లోకి వెళ్లిపోవాలి, మిగతా బ్రాంచ్‌లవాళ్లు అది తెచ్చుకోవాలి, ఫార్మాటింగ్ ఆ తర్వాతే. పైగా స్క్వాష్ మెర్జ్ చేసే టీమ్ అయితే విడదీసిన కమిట్లు మళ్లీ ఒకటైపోతాయి, కాబట్టి రెండు వేర్వేరు పుల్ రిక్వెస్టులు (మెయిన్‌లో కలపమని అడిగేవి) పెట్టండి.

ఆ రోజు నేను పక్క బ్రాంచ్ ఒకటి తీసి, ఫైండ్ రీనేమ్స్ ఆప్షన్ 20 శాతానికి పెట్టి అదే మెర్జ్ మళ్లీ చేశాను. ఈసారి కాన్‌ఫ్లిక్ట్ కొత్త ఫైల్‌లోనే వచ్చింది, ఫంక్షన్ మొత్తం ఎర్రగా, మధ్యలో మా రౌండాఫ్ లైన్. చేత్తో ఎత్తి పెట్టి, టెస్టులు నడిపి, మధ్యాహ్నం భోజనాల లోపల పంపించేశాం. సాయంత్రం కోఠి నుంచి మళ్లీ ఫోన్. "పైసలు పోయినయ్ అన్నా. గీసారన్న ఉంటదా?"