ఖాళీ అనుకున్న నేల

(అనంతపురంలో ఒక గ్రంథాలయ సభలో కజకిస్థాన్ గురించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడున్న వాళ్ళలో కొందరి పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి కజకిస్థాన్ వెళ్ళారని, ఇంకొందరు పంపాలా వద్దా అని టెన్షన్ పడుతున్నారని నిర్వాహకులు చెప్పారు. కాలేజీలు, ఫీజుల సంగతి నేనెత్తను. దానికి ఏజెంట్లు ఉండనే ఉన్నారు. అది ఎలాంటి నేల, అక్కడ ఉండేది ఎలాంటి మనుషులు అన్నది మాత్రం చెబుతాను.

ఆ దేశం విస్తీర్ణం 27 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే మన దేశంలో అయిదింట నాలుగు వంతులు. జనాభా మాత్రం 2023లో 2 కోట్లు దాటింది, తెలంగాణ జనాభా అంత కూడా లేదు. మనకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే కరువు జిల్లా అని పేరొచ్చింది. అక్కడ ఉత్తరాన గోధుమ పండే చోట పడేదే 300 మిల్లీమీటర్లు. దక్షిణాన ఎడారిలో చాలాచోట్ల 150 కూడా దాటదు. పైగా చలి. రాజధాని అస్తానాలో శీతాకాలం మైనస్ 30కి పోవడం వాళ్ళకు వింతేమీ కాదు.

ఇంత ఎండు నేల మీద, ఇంత చలిలో మనుషులు వేల ఏళ్ళు ఎలా బతికారు? ఒక్కచోట ఉండకపోవడం వల్లే బతికారు. మన కురుబలు ఎండాకాలంలో గొర్రెల మందలు తోలుకుని నీళ్ళున్న సీమకు పోతారు కదా, కజక్‌లు ఊరు ఊరంతా అలా కదిలేవాళ్ళు. కొన్ని తెగలు చలికాలం దక్షిణాన సిర్ దర్యా నది ఒడ్డున రెల్లు పొదల చాటున గడిపి, వసంతంలో బయల్దేరి వందల కిలోమీటర్లు ఉత్తరానికి పోయేవి. ఇల్లు కూడా వెంటే వచ్చేది. కర్రల చట్రం మీద ఉన్ని కంబళ్ళు కప్పిన గుండ్రటి గుడారం అది. విప్పి ఒంటె మీద వేసుకుంటే ప్రయాణానికి సిద్ధం.

మందను మేపడంలోనూ ఒక లెక్క ఉండేది. మంచు పడ్డ మేతబీడులోకి ముందు గుర్రాల్ని వదిలేవాళ్ళు. గుర్రం గిట్టతో మంచు తవ్వి గడ్డి పైభాగం కొరుక్కుంటుంది. అది తవ్విన చోట మిగిలింది వెనకాల వచ్చే గొర్రె మేస్తుంది. గుర్రాలు లేకపోతే చలికాలంలో గొర్రెలు బతకవు. వాళ్ళు భయపడేది మంచుకు కాదు, మంచు కాస్త కరిగి మళ్ళీ గడ్డకట్టడానికి. అప్పుడు గడ్డి మీద గాజులాంటి పెచ్చు కడుతుంది, గుర్రపు గిట్టకు కూడా పగలదు. దాన్ని ‘జుత్’ అంటారు. జుత్ వస్తే నిన్నటి షావుకారు నేడు బికారి.

ఈ తిరిగే జనానికి చిరునామా వంశమే. ఏడు తరాల తాతల పేర్లు పిల్లలకు నేర్పుతారు. ఆ ఏడు తరాల లోపు కలిసినవాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. మన పిల్లలెవరైనా అక్కడ ‘మా అమ్మ వాళ్ళ మేనమామను చేసుకుంది’ అని నోరు జారితే క్లాసంతా నోరు తెరుస్తుంది. ముందే చెప్పి పంపండి.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇలా తిరిగే మనుషుల నేల బయటివాడి కంటికి ఖాళీగా కనిపిస్తుంది. గోడ లేదు, గట్టు లేదు, మనిషి ఈ నెల ఉంటాడు, వచ్చే నెల ఉండడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ దేశానికి పట్టిన కష్టాల్లో చాలావాటికి ఆ చూపే మూలమని నా అభిప్రాయం.

అప్పట్లో కజకిస్థాన్ సోవియట్ యూనియన్‌లో భాగం. మొదటి దెబ్బ స్టాలిన్ కాలంలో పడింది. మందల్ని సమష్టి క్షేత్రాలకు, అంటే సర్కారు చెప్పినట్టు అందరూ కలిసి నడపాల్సిన పొలాలకు, లాక్కున్నారు, మనుషుల్ని ఒకచోట కూర్చోబెట్టారు. ఒకచోట కట్టేసిన మందకు అక్కడి గడ్డి ఎన్నాళ్ళొస్తుంది? పశువుల్లో పదింట తొమ్మిది వంతులు పోయాయి. 1930-33 మధ్య సుమారు 15 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారు. కజక్‌లలో మూడో వంతుకు పైగా పోయారు. లక్షలమంది చైనా వైపు, పక్క దేశాల వైపు పారిపోయారు. 1959 నాటికి సొంత దేశంలో వాళ్ళు జనాభాలో 30 శాతం మాత్రమే. ఇప్పుడు మళ్ళీ 70 శాతం అయ్యారు.

నేల ఖాళీ అనుకున్నారు గనక పనికిరారనుకున్న వాళ్ళనందరినీ అక్కడికే తోలారు. 1937లో సోవియట్ తూర్పు కొస నుంచి కొరియన్లను, 1941లో వోల్గా జర్మన్లను, 1944లో చెచెన్లను. గూడ్సు పెట్టెల్లో తెచ్చి మైదానంలో దింపారు. కొరియన్లు మొదటి చలికాలం నేలలో గుంతలు తవ్వుకుని గడిపారు. ఈ రోజు అక్కడి పెద్ద నగరం ఆల్మటీ బజారులో కారం పట్టించిన క్యారట్ తురుము అమ్మేది వాళ్ళ మనవలే. అస్తానా దగ్గర ‘దేశద్రోహుల భార్యల’ కోసం ఒక జైలు శిబిరం కూడా ఉండేది. పక్క ఊరి కజక్‌లు ఆ ఖైదీల మీదికి రాళ్ళు విసిరారని, దగ్గరికెళ్ళి చూస్తే అవి ఎండబెట్టిన పెరుగు ఉండలని అక్కడ చెప్పుకుంటారు. ‘కుర్త్’ అనే ఆ ఉండలు ఇప్పటికీ ప్రతి దుకాణంలో దొరుకుతాయి. ఉప్పగా ఉంటాయి, మనవాళ్ళకు వెంటనే రుచించవు.

1947లో అణు పరీక్షలకు చోటు వెతికినప్పుడు, ఆ దేశంలోని సెమిపలాటిన్స్క్ పట్టణం దగ్గర మనుషులు లేరని చెప్పింది, సోవియట్ అణుబాంబు పని చూసిన స్టాలిన్ అనుచరుడు బేరియా. ఉన్నారు. చుట్టూ ఊళ్ళున్నాయి. మన పాత ఉమ్మడి అనంతపురం జిల్లాకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ చోట 1949 నుంచి 1989 వరకు 456 పేలుళ్ళు జరిపారు. క్యాన్సర్లు, వైకల్యాలతో పుట్టిన పిల్లలు ఆ ఊళ్ళ పాలిట నిజాలు. 1989లో ఓల్జాస్ సులేమెనోవ్ అనే కవి టీవీలో కవితలు చదవాల్సింది పోయి ఈ సంగతి ఎత్తాడు. జనం కదిలారు. 1991 ఆగస్టు 29న, మొదటి పేలుడు జరిగిన తేదీనే, ఆ స్థలం మూతపడింది. కవులు చేయగలిగింది ఏమీ లేదనేవాళ్ళు ఈ ఒక్క సంగతి చదవాలి.

రాకెట్లు ఎగరేసే బైకనూర్ కథ మనకు దగ్గరది. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షానికి ఎగిరింది ఆ మైదానం నుంచే. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం వెళ్ళిందీ అక్కడి నుంచే. రాలిన రాకెట్ ముక్కలు మాత్రం గడ్డిబీళ్ళలో పడతాయి.

స్టాలిన్ తర్వాత వచ్చిన సోవియట్ నేత కృశ్చేవ్ 1954లో మొదలుపెట్టిన బీడు భూముల సాగును పూర్తిగా తప్పుబట్టను. తొలి ఏళ్ళలో పంట బాగా వచ్చింది, తర్వాత గాలికి పైమట్టి లేచిపోయింది. కానీ ఈనాటికీ ఆ దేశం గోధుమ ఎగుమతి చేస్తోంది. అరల్ సముద్రం మాత్రం అందరికీ తెలిసిన నష్టం. రెండు నదుల్ని పత్తికీ వరికీ మళ్ళిస్తే సముద్రమే ఎండింది. 2005లో కజకిస్థాన్ 13 కిలోమీటర్ల కోక్-అరల్ కట్ట వేసుకుని ఉత్తర ముక్కను కాపాడుకుంది. ఉప్పు తగ్గింది, చేప తిరిగొచ్చింది.

ఇప్పుడు కొత్త వాదన నడుస్తోంది. ప్రపంచ యురేనియంలో దాదాపు 40 శాతం తవ్వే ఆ దేశం, బల్ఖాష్ సరస్సు ఒడ్డున ఉల్కెన్ అనే ఊళ్ళో అణు విద్యుత్ కేంద్రం కడుతుంది. 2024 అక్టోబరులో ప్రజల ఓటు అడిగితే 71 శాతం సరేనన్నారు. 2025లో ఆ పని రష్యా సంస్థ రోసాటమ్ చేతికి వెళ్ళింది. బల్ఖాష్‌కు వచ్చే నీళ్ళలో ఎక్కువ వంతు ఇలీ నదివి, ఆ నది చైనాలో పుడుతుంది, ఎగువన వాడకం పెరుగుతోంది. ఎగువ దిగువ గొడవలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఉల్కెన్‌లో పడవలున్న వాళ్ళు చేపల గురించి అడుగుతున్నారు, పిల్లలున్న వాళ్ళు ఉద్యోగాల గురించి. ఈసారి కనీసం ఆ ఊళ్ళో మనుషులున్నారని లెక్కలోకి తీసుకుని, ఓటడిగారు.