ఉత్తరం ఫ్యాన్ దగ్గర ఉండదు

నమస్తే టీచర్లూ. పిల్లల చేత సొంత ఊరి పటం ఎలా గీయించాలో చెప్తాను. నల్లగొండ దగ్గర ఒక ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లవాణ్ణి "ఉత్తరం ఎటురా?" అని అడిగాను. వాడు తడుముకోకుండా పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు వేలు చూపించాడు. "పటంలో పైనే కద సార్!"

తప్పు వాడిది కాదు. గోడకు దేశ పటం వేలాడదీసి 'పైన ఉత్తరం' అని బట్టీ పట్టించింది మనమే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కన్యాకుమారి ఎక్కడో టక్కున చూపిస్తారు, ఊరి చెరువు ఏ దిక్కున ఉందంటే నోరు పెగలదు.

అందుకే ముందు పటాన్ని నేల మీదికి దించండి. పిల్లల్ని బొడ్రాయి దగ్గరికి తీసుకెళ్లండి. (చాక్‌పీస్‌తో చుక్క పెడుతూ) ఈ చుక్కే బొడ్రాయి. పక్కన ఒక కర్ర నిలువుగా పాతండి. మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో, నీడ బాగా పొట్టిగా ఉన్నప్పుడు, అది ఉత్తరానికి పడుతుంది. కానీ జాగ్రత్త! మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, నీడ దక్షిణానికి పడుతుంది. బడి తెరిచిన జూన్‌లోనే ఈ పాఠం పెట్టి ఊరిని తలకిందులుగా గీయించిన ఘనత నాదే.

ఇక దూరం. టేపు వద్దు, అంగలు చాలు. బొడ్రాయి నుంచి నీళ్ల ట్యాంకుకు ఒక పాప 180 అంగలంది, పొడుగు పిల్లవాడు 140 అన్నాడు. పెద్ద గొడవ. ఆపకండి, అసలు దూరాన్ని పటంలో ఎంతకు కుదించాలో చెప్పే స్కేలు పాఠం ఆ గొడవే! చివరికి పాప అంగనే అందరి లెక్కగా పెట్టుకుని, పది అంగలకు ఒక అగ్గిపుల్ల చొప్పున నేల మీద పేర్చారు. ట్యాంకు దాకా 18 పుల్లలు.

ఏం గీయాలో వాళ్లకే వదిలేయండి. మనం గుడి, బడి, పంచాయతీ ఆఫీసు అంటాం. వాళ్లు కరిచే కుక్క ఉండే సందు, చెరువు మత్తడి గీశారు. ఒక పాప పాత బోరింగును ఎర్ర చాక్‌పీస్‌తో రుద్దింది. ఎందుకమ్మా అంటే, "ఫ్లోరైడ్ నీళ్లు సార్. మా నానమ్మ కాళ్లు గా నీళ్లకే వంకర పోయినయ్" అంది.

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్తాను. గుర్తులన్నీ ఒక మూలన రాయించండి, తర్వాత చార్టు మీదికి ఎక్కించండి. చార్టును వెంటనే గోడకు అంటించొద్దు. నేల మీద పరిచి, దాని బాణం గుర్తును అసలు ఉత్తరానికి తిప్పి చూపించండి. లేదంటే మళ్లీ ఫ్యాన్ దగ్గరికే.