తలుపు తీస్తే సరిపోతుందా?

అందరికీ నమస్కారం. ఇక్కడ పక్షుల్ని పెంచేవాళ్ళే ఎక్కువ కాబట్టి సూటిగా విషయానికి వస్తాను. "మా చిలుకకి పంజరమే ఇష్టమండీ, తలుపు తీసినా బయటికి రాదు" అని చాలామంది అంటుంటారు. రాదు, నిజమే. కానీ అది ఇష్టమా, భయమా?

బ్రిటన్ శాస్త్రవేత్త మేరియన్ డాకిన్స్ ఈ సంగతి కోళ్ళనే అడిగి చూశారు. ఒకవైపు ఇరుకు బోను, రెండోవైపు ఆరుబయలు, ఏది కావాలో ఎంచుకోమని వదిలితే బోనుల్లో పెరిగిన పెట్టలు మొదట బోనులోకే వెళ్ళాయి. 1977లో అచ్చయిన ఆ ప్రయోగం అక్కడితో ఆగిపోయి ఉంటే బోనులు అమ్మేవాళ్ళకి పండగే! ఆగలేదు. బయట ఎలా ఉంటుందో కాస్త తెలిశాక అవే పెట్టలు ఆరుబయలుకి మళ్ళాయి.

కోడి మట్టిస్నానం ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పొడిమట్టిలో పొట్ట ఆనించి కూర్చుంటుంది, ముక్కుతో మట్టిని దగ్గరికి లాక్కుంటుంది, రెక్కలు విదిలించి ఈకల సందుల్లోకి దుమ్ము ఎగజల్లుకుంటుంది, తర్వాత ఒక పక్కకి ఒరిగి, కాలు చాపి, ఒళ్ళు రుద్దుకుంటుంది, చివరికి లేచి ఒక్క దులుపు దులిపితే ఈకల్లోని పాత జిడ్డు మట్టితోపాటు రాలిపోతుంది. అవకాశం ఉంటే దాదాపు రెండు రోజులకోసారి, అరగంట దాకా ఇదే పని. బోనులో ఇనుప తీగల జాలీ నేల మీద పెంచిన కోడి కూడా ఇదంతా చేస్తుంది, మట్టి లేకుండానే. నాకైతే అది చూడటం కష్టం. యూరోపియన్ యూనియన్ 2012లో నిషేధించిన పాతరకం బోనుల్లో ఒక్కో కోడికి కనీసం ఉండాల్సిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఏ4 కాగితం అంత కూడా కాదు.

చిలుకల బాధ ఇంకో రకం. అడవిలో తిండి వెతుక్కోవడానికే గంటలు పడుతుంది, పంజరంలో గిన్నె ముందే ఉంటుంది, ఇక మిగతా రోజంతా ఏం చేయాలి? ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతుంది, కొన్నైతే సొంత ఈకలే పీక్కుంటాయి (చర్మవ్యాధి వల్ల కూడా పీక్కోవచ్చు, ముందు డాక్టర్‌కి చూపించండి). గింజల్ని కాగితంలో చుట్టి పెట్టండి, విప్పుకుని తింటుంది.

అలాగని జాలిపడి కిటికీలోంచి వదిలేయకండి. పంజరంలోనే పుట్టి పెరిగిన పక్షికి తిండి వెతకడం తెలియదు, గద్దని చూసి తప్పించుకోవడం తెలియదు, ఎగిరే కండల్లో బలమూ ఉండదు. ముందు ఒక గది చాలు. ఫ్యాన్ ఆపండి, కిటికీ అద్దాలకి తెర వేయండి, తలుపు తీసి మీ పనిలో మీరుండండి. చేత్తో పట్టి బయటికి లాగితే అది నేర్చుకునేది మీ చేతికి భయపడటమే.

రెక్కలు కత్తిరించవచ్చా అని ఎవరో ఇందాక చీటీ పంపారు. ప్రశ్నలు దానితోనే మొదలుపెడదాం.