ఖాళీ గొట్టం జవాబిస్తే

వ్యాఖ్యాత: నమస్కారం. పుట్టిన రెండో రోజున బిడ్డ చెవిలో రబ్బరు మొన పెట్టి, కాసేపటికి తీసేసి ‘పాస్’ అనో ‘రిఫర్’ (మళ్లీ చూడాలి) అనో రాసిస్తారు. అదే వినికిడిని చూసే ఓఏఈ (ఓటోఅకూస్టిక్ ఎమిషన్స్) పరీక్ష. ఆ పరీక్ష చేసే ఆడియాలజిస్టు ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ఆ యంత్రం ఏమి వింటుంది?

ఆడియాలజిస్టు: చెవి చేసే చప్పుడును. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోని బాహ్య రోమ కణాలు శబ్దం అందగానే కదులుతాయి. ఆ కదలికకు పుట్టిన సన్నని ధ్వని కర్ణభేరి మీదుగా బయటికి వస్తుంది. దీన్ని మొదట కనిపెట్టి 1978లో ప్రకటించింది లండన్‌లో పనిచేసిన డేవిడ్ కెంప్.

వ్యాఖ్యాత: చెవి వినడమే కాదు, పలుకుతుంది కూడా!

ఆడియాలజిస్టు: గుసగుస కన్నా మెల్లగా. డీపీ (డిస్టార్షన్ ప్రోడక్ట్) పద్ధతిలో ప్రోబ్‌లోని, అంటే చెవిలో పెట్టే ఆ మొన ఉన్న పరికరంలోని, రెండు బుల్లి స్పీకర్లు రెండు స్వరాలు పంపుతాయి. ఒకటి 4000 హెర్ట్జ్ అయితే రెండోది 3279 దగ్గర. బాగున్న చెవి 2558 దగ్గర మూడో స్వరాన్ని తానే పుట్టిస్తుంది. మేము పంపేది 65, 55 డెసిబెళ్లు. పెద్దవాళ్లలో తిరిగి వచ్చేది తరచుగా పదికి అటూ ఇటూ. ప్రోబ్‌లోని మైకు దాన్ని పట్టాలి.

వ్యాఖ్యాత: ఆ మూడో స్వరం యంత్రంలోనే పుట్టిందేమోనని అనుమానం రాదా?

ఆడియాలజిస్టు: రావాలండీ! స్పీకరు, మైకు పాడైతే అలా పుట్టే అవకాశం ఉంది. అప్పుడు వినికిడి లేని బిడ్డకూ ‘పాస్’ పడవచ్చు. అందుకే రోజూ పొద్దున్నే ప్రోబ్‌ను చిన్న ఖాళీ గొట్టంలో పెట్టి పరీక్ష నడుపుతాను. మేము టెస్ట్ క్యావిటీ అంటాం. అక్కడ చెవి లేదు కదా, జవాబు రాకూడదు. వచ్చిందా, ఆ యంత్రం పక్కకు వెళ్లాల్సిందే. తర్వాత నా చెవిలోనే పెట్టుకుంటాను. అక్కడ జవాబు రావాలి, పాత అంకెలతో సరిపోవాలి.

వ్యాఖ్యాత: రాని రోజు ఉందా?

ఆడియాలజిస్టు: వరుసగా ఐదుగురు పిల్లలకు ‘రిఫర్’ వచ్చిన రోజు ఉంది. హడావిడిలో ఆ పొద్దున నా చెవి చూసుకోలేదు. ఐదో బిడ్డ తర్వాత పెట్టుకుంటే నాకూ ‘రిఫర్’! ప్రోబ్ కొనలో, పుట్టిన బిడ్డ ఒంటికి ఉండే జిడ్డు అడ్డుపడింది. కొన మార్చి మళ్లీ చూస్తే నలుగురు పాస్. ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, ఆ రోజు నిజంగానే మద్దెల ఓడు. ఈలోగా ఒక తల్లి ఏడుస్తూ కూర్చుంది. అది నా తప్పే.

వ్యాఖ్యాత: ఏడాదికోసారి చేసే క్యాలిబ్రేషన్‌లో ఇది తేలదా?

ఆడియాలజిస్టు: అది వేరే పని. చెవిని పోలిన కప్లర్‌లో ప్రోబ్ పెట్టి, 65 అన్నది నిజంగా 65 అవునో కాదో సరిచూస్తారు. ఐఈసీ 60645-6 అనే అంతర్జాతీయ ప్రమాణం ఇలాంటి యంత్రాల కోసమే. కానీ ఆ కాగితం నిన్న అడ్డుపడిన మురికిని చెప్పలేదు. పైగా పసిబిడ్డ చెవి రంధ్రం ఇరుకు. అంతే విద్యుత్తుకు అక్కడ శబ్దం ఎక్కువవుతుంది. కాబట్టి ప్రతి చెవిలోనూ యంత్రం ముందు కొలుచుకుని, స్థాయి సరిచేసుకుంటుంది. ప్రోబ్ వదులుగా కూర్చుంటే ఆ లెక్క కూడా తప్పుతుంది.

వ్యాఖ్యాత: బిడ్డకు ‘రిఫర్’ వస్తే తల్లిదండ్రులు ఏమి చేయాలి?

ఆడియాలజిస్టు: మళ్లీ పరీక్ష చేయించాలి, వదిలేయకూడదు. మొదటి రోజు చెవిలో తడి ఉన్నా అలా రావచ్చు. రెండోసారీ వస్తే, శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఎలా స్పందిస్తాయో చూసే ఏబీఆర్ పరీక్ష తప్పదు.

వ్యాఖ్యాత: ఈ రోజు మీ చెవి ఏమంది?

ఆడియాలజిస్టు: ఎడమది 4000 దగ్గర కాస్త తగ్గింది. ప్రోబ్ తీసి మళ్లీ పెట్టాను, నిన్నటి అంకె వచ్చింది.