గ్రాంటు మంజూరైనా జీతాలు ఎందుకు ఆగుతాయి?

శ్రోతలకు నమస్కారం. ఒక స్వచ్ఛంద సంస్థకు ఏడాదికి 48 లక్షల ప్రభుత్వ గ్రాంటు మంజూరైందనుకుందాం. అందరూ అభినందిస్తారు. అయిదో నెలకల్లా అదే సంస్థ జీతాలకు తడుముకుంటూ ఉంటుంది. దుబారా ఏమీ జరగలేదు. మరి ఎందుకిలా?

చాలా ప్రభుత్వ గ్రాంట్లలో ముందు మనం ఖర్చు పెట్టాలి, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. నెలకు 4 లక్షల ఖర్చు, మూడు నెలలకోసారి బిల్లు, దాన్ని పరిశీలించి డబ్బు వేయడానికి మరో రెండు నెలలు. అంటే మొదటి 12 లక్షలు ఖాతాలో పడే రోజుకు సంస్థ సొంతంగా 20 లక్షలు పెట్టేసి ఉంటుంది. ఆ 12 వచ్చాక కూడా 8 లక్షలు రావాల్సే ఉంటాయి. ఇంకో మూడు నెలలకు లోటు మళ్లీ 20కి చేరుతుంది. ఒక రసీదు జతచేయలేదని బిల్లు తిరిగొచ్చి నెల ఆలస్యమైతే 24. అందుకే ఒప్పందంపై సంతకం పెట్టకముందే అడ్వాన్సు అడగాలి. కుదరకపోతే, నెలనెలా బిల్లు పెట్టుకోనివ్వమనైనా అడగాలి. ఆ ఒక్క మార్పుతో 20 లక్షల లోటు 12కు దిగుతుంది.

అడ్వాన్సు దొరికితే ఇంకో చిక్కు. ఖాతా నిండుగా కనిపిస్తుంది కానీ ఆ డబ్బు ఫలానా పనికే కట్టుబడి ఉంటుంది. వేరే ప్రాజెక్టు జీతాలకు దాన్ని చేబదులుగా వాడి, తర్వాత సర్దుదాంలే అనుకోవడం చాలా ప్రమాదం. ఆడిట్‌లో ఆ ఖర్చును కొట్టేస్తే తిరిగి కట్టాల్సింది సొంత నిధి నుంచే. అందుకే ప్రతి గ్రాంటుకూ విడి లెడ్జరు ఉండాలి. రెండు ప్రాజెక్టుల్లో పనిచేసే ఉద్యోగి ఏ రోజు ఎన్ని గంటలు దేనికి వెచ్చించారో అప్పటికప్పుడు రాసి ఉంచాలి. ఏడాది చివర గుర్తుచేసుకుని నింపిన పట్టిక ఆడిటరు ముందు నిలవదు.

అన్నిటికన్నా లోతైన గాయం కార్యాలయ ఖర్చులది. అద్దె, కరెంటు, అకౌంటెంటు జీతం, ఆడిట్ ఫీజు లేకుండా ఏ ప్రాజెక్టూ నడవదు. ప్రాజెక్టు మీద నేరుగా పెట్టే ప్రతి 100కు ఇవి 22 అవుతున్నాయనుకుందాం. గ్రాంటు 10 మాత్రమే ఇస్తే, మిగతా 12 సంస్థే భరించాలి. అలాంటి గ్రాంటు రెట్టింపైతే నష్టమూ పెరుగుతుంది. వచ్చిన గ్రాంటునల్లా ఒప్పుకోవడం తప్పు అని నేను గట్టిగా అనేది ఇందుకే. అసలు ఖర్చు ఎంతో లెక్కగట్టి, ఆధారాలతో అడగండి. ఇవ్వనంటే, ఆ 12 ఎక్కడి నుంచి వస్తుందో పాలకమండలి ముందే తేల్చాలి.

ఆ లోటు పూడ్చేది మామూలుగా దాతల విరాళాలే. గ్రాంటు వచ్చాక తగ్గేదీ అవే. జేమ్స్ ఆండ్రియోని, అబిగెయిల్ పేన్ అనే ఆర్థికవేత్తలు అమెరికా సంస్థల లెక్కలు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఈ తగ్గుదలకు ప్రధాన కారణం దాతలు మొహం చాటేయడం కాదు, సంస్థలే అడగడం తగ్గించడం. గ్రాంటు నివేదికలకే సమయమంతా పోతే దాతకు ఉత్తరం రాసేదెవరు? కాబట్టి గ్రాంటు బడ్జెట్ వేసే రోజే, విరాళాల పని చూసే మనిషి జీతం ఏ సొంత నిధి నుంచి వస్తుందో కూడా రాసిపెట్టుకోండి. నమస్కారం.